సూక్ష్మదర్శినియు, ఛాయాచిత్రమును, పెన్సిలును

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము మనలో పలువురు తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటి గలదు. "మాస్టరుగారూ, ఇంటింటను కెమెరా గల టెలిఫోను ఉన్న ఈ కాలములో పిల్లలచేత ఉల్లిపొర బొమ్మను పెన్సిలుతో గీయించుట యెందులకు? సూక్ష్మదర్శినిపై ఫోను పెట్టి ఒక్క క్షణములో ఫోటో తీసి రికార్డు పుస్తకములో అంటింపరాదా? ఆ గంటసేపు లెక్కలు చేసికొందురు గదా" అని. ఇది పరిహాసమునకు అడిగిన ప్రశ్న కాదు. పిల్లల కాలము విలువైనది. ఆ కాలమును మేము వృథా చేయుచున్నామా అని అడుగుటకు మీకు హక్కు గలదు. కావున నేడు నా ప్రసంగమునకు ఆ ప్రశ్ననే విషయముగా తీసికొనుచున్నాను.

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. సూక్ష్మదర్శిని ద్వారా ఛాయాచిత్రము తీయుట ఫోనులతో పుట్టిన విద్య కాదు. అది ఛాయాగ్రహణ విద్యతో కవలగా పుట్టినది. ఇంగ్లండులో ఛాయాగ్రహణమునకు పునాదులు వేసిన ఫాక్స్ టాల్బట్ 1839, 1840 సంవత్సరముల ప్రాంతముననే, సూర్యకాంతితో పనిచేయు సూక్ష్మదర్శినిని ఉపయోగించి పురుగుల రెక్కలను, మొక్కల కోతలను కాగితముపైకి దించెను. ప్యారిస్ నగరములో డోనే అను వైద్యుడు, ఫూకో అను యువకుని సహాయముతో రక్తకణములు మొదలగువాని చిత్రములను వెండిపూత పలకలపై తీసి, 1845లో ఒక చిత్రసంపుటిని ప్రకటించెను. కాని ఆ కాలమున అట్టి పలకలను నేరుగా పుస్తకములో అచ్చు వేయు ఉపాయము లేదు. కావున చిత్రకారుడు వానిని చూచి మరల చేతితో చెక్కవలసి వచ్చెను. అనగా కెమెరా తీసిన చిత్రము గూడ మనుష్యుని చేతిగుండ పోయిన తరువాతనే పాఠకునికి చేరినది.

చేతి బొమ్మతో ఉన్న చిక్కు ఏమి? చేయి కన్ను చూచినదానినే గాక, మనస్సు కోరినదానిని గూడ గీయును. 1694లో హార్ట్‌సోకర్ అను డచ్చి పండితుడు పురుష బీజకణములో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న చిన్న మనుష్యుని బొమ్మను ముద్రించెను. అట్టిది ఉండవచ్చునని ఆయన ఊహ. బొమ్మ అచ్చులోనికి ఎక్కిన తరువాత అది ఊహ యని ఎందరు జ్ఞాపకము పెట్టుకొందురు? బొమ్మకున్న బలము అట్టిది. అందుచేతనే జర్మనీ దేశపు రాబర్ట్ కాఖ్ 1877లో సూక్ష్మజీవుల ఛాయాచిత్రములను ప్రకటించి, ఇకమీదట వాదప్రతివాదములు బొమ్మల మీద గాక ఛాయాచిత్రముల మీద జరుగవలెనని కోరెను. ఇంతవరకు చూచిన, మీ వాదమే గెలిచినట్లున్నది.

అయితే రెండవ పక్షమును గూడ వినుడు. స్పెయిను దేశమున రామొన్ ఇ కహాల్ అను మహాశాస్త్రజ్ఞుడుండెను. మెదడులోని నాడీకణముల నిర్మాణమును తేటపరచినందులకు 1906లో గొల్జీతో కలిసి నోబెల్ బహుమానమును పొందెను. ఆయనకు ఛాయాగ్రహణముపై ఎంత మక్కువ యనగా, 1912లో రంగుల ఫోటోల విషయమై ఒక గ్రంథమునే వ్రాసెను. అట్టివాడు తన నాడీకణములను మాత్రము జీవితాంతము చేతితోనే గీసెను. కారణ మేమి? నాడీకణపు కొమ్మలు గాజుపలకపై ఒకే మట్టమున పరచుకొని యుండవు. కొన్ని పైకి, కొన్ని క్రిందికి పోవును. పెద్దదిగా చూపు కటకమునకు ఒక్కసారి ఒక్క పలుచని మట్టము మాత్రమే స్పష్టముగా కానవచ్చును. మిగిలినది మసక. ఛాయాచిత్రము ఆ ఒక్క మట్టమును పట్టుకొనును. కన్నును, చేయియు మాత్రము మరను పైకి క్రిందికి త్రిప్పుచు, ఒక్కొక్క మట్టమును చూచి, అన్నిటిని ఒక్క బొమ్మలో కూర్చును. ఈనాడు కంప్యూటరు సహాయముతో పలు మట్టముల ఫోటోలను ఒకటిగా కలుపుట సాధ్యమే. అయినను ఏది ఏ కొమ్మకు చెందినదో నిర్ణయించు బుద్ధి మాత్రము చూచువానికే ఉండవలెను.

ఇక కెమెరా అబద్ధమాడదని ఒక నమ్మకమున్నది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రమున జెరికో అను పల్లెలో బెంట్లీ అను రైతు బిడ్డ యుండెను. తల్లి ఒకప్పుడు ఉపాధ్యాయిని. ఆమె కుమారునికి సూక్ష్మదర్శినిని ఇచ్చెను. తండ్రి వ్యవసాయదారుడు, మంచుతునకలను చూచుచు కూర్చుండుట పనిలేని పని యని ఆయన అభిప్రాయము. అయినను కుమారుని పట్టుదల చూచి, ఆ కాలమునకు పెద్ద మొత్తమైన సుమారు నూరు డాలర్లు పెట్టి కెమెరాను కొనియిచ్చెను. 1885 జనవరి 15వ తేదీన, పందొమ్మిదవ యేట, ఆ యువకుడు మంచు స్ఫటికమును సూక్ష్మదర్శిని ద్వారా ఛాయాచిత్రముగా తీయగలిగెను. ఊపిరి తగిలిన కరగిపోవు వస్తువది. 1931లో మరణించులోగా ఆయన అయిదువేలకు పైగా అట్టి చిత్రములను తీసెను. కొనిపెట్టుటకు మనసొప్పకయే కొనిపెట్టిన ఆ తండ్రిని మన తండ్రులు గుర్తుంచుకొనవలెనని నా మనవి.

కాని ఈ కథలో రెండవ భాగము గలదు. బెంట్లీ తన నెగటివుపై స్ఫటికము చుట్టునున్న మసకను చాకుతో గీకివేసి, నల్లని వెనుకతలముపై తెల్లని నక్షత్రమువలె కనిపించునట్లు చేయుచుండెను. జర్మనీలో హెల్‌మన్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు దీనిని తప్పుపట్టెను. ఆయనకు తోడుగా పనిచేసిన నొయ్‌హౌస్ అను వైద్యుడు తీసిన ఛాయాచిత్రములలో మంచుతునకలు అంత చక్కగా లేవు. వంకరలు, విరుగుళ్లు చాల కనిపించెను. బెంట్లీ అబద్ధములు సృష్టింపలేదు. కాని అందమైనవానిని ఏరెను. ఏరుట గూడ ఒక విధమైన గీయుటయే. మంచుతునకలన్నియు ఆరు రేకుల పువ్వులవలె నిర్దోషముగా నుండునని నేటికిని లోకము తలచుటకు ఆ ఏరికయే కొంత కారణము.

కాబట్టి పెన్సిలునకు ఒక దోషము, కెమెరాకు ఒక దోషము. మరి సత్యమునకు ఆధారమేది? దీనికి జవాబు మన తెలుగునాటనే, మన బెంగుళూరుతో సంబంధమున్న ఒక కథలోనే దొరకును.

రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో జన్మించిన సైనిక వైద్యుడు. 1883లో ఆయన ఈ బెంగుళూరు దండులో వైద్యుడుగా పనిచేసెను. తాను నివసించు బంగళాలో దోమలు మితిమీరియుండుట చూచి, కిటికీ ప్రక్కనున్న నీటి తొట్టిలో వాని పిల్లపురుగులు ఈదులాడుచున్నట్లు కనిపెట్టి, ఆ తొట్టిని కుమ్మరించివేసెను. దోమలు తగ్గెను. నీటిని తొలగించిన దోమలు తొలగునన్న పాఠము ఆయనకు అబ్బినది ఈ ఊరిలోనే. 1895లో కలరా నివారణకై మరల ఇచటికే పంపబడెను. 1897లో సికింద్రాబాదు చేరి, బేగంపేటలోని వైద్యశాలలో, మలేరియా క్రిమి దోమలో ఏమగుచున్నదో వెదకుట కారంభించెను.

ఎండకాలపు ఉక్క. పంకా విసిరిన, కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవునని పంకా లేకుండ కూర్చుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. మిగిలిన ఒక్క అక్షికటకము బీటవారి యుండెను. హుసేన్ ఖాన్ అను రోగి తనను దోమలచే కుట్టించుకొనుటకు ఒప్పుకొనగా, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి ముట్టెను. 1897 ఆగస్టు 20వ తేదీన, రెక్కలపై మచ్చలు గల దోమ ఒకదాని కడుపు గోడలో రాస్ గుండ్రని కణములను చూచెను. వానిలో నల్లని రేణువులుండెను. అట్టి రేణువులు మలేరియా క్రిమికే ఉండునని ఆయనకు తెలియును. మరునాడు మిగిలిన మరియొక దోమను కోయగా, అవే కణములు మరింత పెద్దవై కనిపించెను. నిన్నటికంటె నేడు పెరిగినవన్నచో అవి జీవించి యున్నవని అర్థము.

ఆయనవద్ద సూక్ష్మదర్శినికి అమర్చు కెమెరా లేదు. నోటు పుస్తకములో బొమ్మలు గీసెను, కొలతలు వ్రాసెను. అంతటితో ఆగలేదు. దోమ ముక్కలున్న గాజుపలకలను భద్రపరచి, మరియొక వైద్యునికి చూపి, ఆ వైద్యుని అభిప్రాయమును తన వ్యాసమునకు జతచేసెను. ఆ వ్యాసము 1897 డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమగుండ పోవు మార్గమును పూర్తిగా చూపెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని నిలిచియున్నది.

ఇందులో మనము గ్రహింపవలసినది ఇది. రాస్‌ను లోకము నమ్మినది బొమ్మ చక్కగా నున్నందుచేత కాదు. బొమ్మ వెనుక గాజుపలక యున్నది. పలక వెనుక తేదీ యున్నది. తేదీ వెనుక మరియొకరి కన్ను సాక్ష్యముగా నున్నది. ఎవ్వరైనను వచ్చి మరల చూచుకొనవచ్చును. బొమ్మయైనను, ఛాయాచిత్రమైనను, మరల చూచుటకు దారి చూపినప్పుడే శాస్త్రమగును; లేనియెడల అలంకారమగును. ఈ మాట నేడు మరింత అవసరము. చెప్పిన మాత్రమున యంత్రమే లేని జీవుల చిత్రములను కల్పించి యిచ్చు రోజులు వచ్చినవి. ఉల్లిపొరను ఎన్నడును చూడని బాలుడు గూడ ఉల్లిపొర చిత్రమును సమర్పింపగలడు. అది నిజమైనదానికంటె అందముగా నుండవచ్చును. పరీక్షకుడు మెచ్చుకొనవచ్చును గూడ. కాని ఆ బాలునికి చూపు పోయినది.

ఇక ఛాయాచిత్రము తీయు విధానమును సంగ్రహముగా చెప్పెదను. దీనికి ఖరీదైన పరికరము లేవియు అక్కరలేదు.

సూక్ష్మదర్శినిలో రెండు కటకములున్నవి. వస్తువునకు దగ్గరగా నుండునది వస్తుకటకము. కంటికి దగ్గరగా నుండునది అక్షికటకము. అక్షికటకము పది రెట్లు, వస్తుకటకము పది రెట్లు చూపినచో మొత్తము నూరు రెట్లు. మొదట తక్కువ రెట్ల కటకముతోనే వస్తువును వెదకవలెను. కటకమును పలక దగ్గరకు దించునపుడు ప్రక్కనుండి చూచుచు దించవలెను. కంటితో చూచుచు పైకి మాత్రమే త్రిప్పవలెను. లేనిచో పలక పగులును, కటకమునకు గీతలు పడును. తరువాత వెలుతురు. వెలుతురు ఎక్కువైన కొలది స్పష్టత పెరుగునని పిల్లలు తలతురు. అది సరికాదు. పలక క్రింది తెరను కొంచెము మూసినచో పలుచని గోడలు గూడ తేలి కనిపించును.

కన్ను పెట్టు చోటనే ఫోను కెమెరాను పెట్టవలెను. ఆ చోటేదో కనుగొనుటకు సులభమైన ఉపాయము గలదు. అక్షికటకముపై ఒక చిన్న తెల్లకాగితమును పట్టి మెల్లగా పైకి లేపుడు. కాగితముపై వెలుగు చుక్క మిక్కిలి చిన్నదై, అంచు తేటగా నున్నచోట ఆగుడు. ఫోను కటకము అచ్చటనే ఉండవలెను. చేయి వణకకుండ అట్టముక్కతో చిన్న గొట్టము చేసి అక్షికటకమునకు తొడిగిన చాలును. ఇక ఫోనులో వేళ్లతో చిత్రమును లాగి పెద్దది చేయుట వలన క్రొత్త వివరము రాదు. 1873లో ఎర్న్‌స్ట్ ఆబె అను జర్మను శాస్త్రజ్ఞుడు చూపినట్లు, సాధారణ కాంతితో చూచునపుడు మిల్లీమీటరులో సుమారు అయిదువేలవ వంతుకంటె దగ్గరగానున్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపించును. ఆ హద్దును దాటు ప్రత్యేక విధానములకే 2014లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. మన పాఠశాలలోని సూక్ష్మదర్శిని ఆ హద్దు దరిదాపులకు గూడ పోదు. పోనక్కరలేదు. మన పిల్లలు చూడవలసినదంతయు దానికి ఈవలనే యున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలత. "నాలుగు వందల రెట్లు" అని ఫోటో క్రింద వ్రాయుట చాలదు. ఎందుకనగా ఆ ఫోటోను చిన్న తెరపై చూచిన నొక పరిమాణము, కాగితముపై అచ్చు వేసిన నొక పరిమాణము. కావున మొదట పారదర్శకమైన స్కేలును తక్కువ రెట్ల కటకము క్రింద పెట్టి, వెలుగు వలయములో ఎన్ని మిల్లీమీటర్లు పట్టినవో లెక్కింపవలెను. నాలుగు రెట్ల వస్తుకటకముతో నాలుగు మిల్లీమీటర్లు పట్టినవనుకొందము. అప్పుడు పది రెట్ల కటకముతో 1.6 మిల్లీమీటర్లు, నలుబది రెట్ల కటకముతో 0.4 మిల్లీమీటరు పట్టును. వలయమునకు అడ్డముగా ఎన్ని కణములు పట్టినవో లెక్కించి భాగించిన, కణపు పొడవు తెలియును. చూచితిరా! పిల్లలు లెక్కలు చేయవలసిన గంట ఎక్కడికిని పోలేదు. ఇచ్చటనే యున్నది.

సూక్ష్మదర్శిని కొను స్తోమత లేదని ఎవ్వరును చింతింప నక్కరలేదు. మీరట్‌లో జన్మించి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న మను ప్రకాశ్ గారు తమ సహచరులతో కలిసి, కాగితమును మడచి చేయు సూక్ష్మదర్శినిని 2014లో లోకమునకు తెలియజేసిరి. దాని పేరు ఫోల్డ్‌స్కోప్. సామగ్రి ఖర్చు ఒక డాలరు లోపున ఉండవలెనని వారు దానిని రూపొందించిరి. అది సుమారు నూట నలుబది రెట్లు చూపును. అయస్కాంతపు బిళ్లతో ఫోనుకు అంటుకొనును. జేబులో పట్టును.

ఇవన్నియు జంతువులకు, మొక్కలకు మాత్రమే అని తలంపవలదు. మన లాల్‌బాగులోని కొండరాయి సుమారు మూడు వందల కోట్ల సంవత్సరముల నాటిది. అట్టి రాతిని మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందమునకు అరగదీసి, ప్రత్యేకమైన కాంతిలో సూక్ష్మదర్శిని క్రింద పెట్టిన, బూడిదరంగు రాయి చిత్రవర్ణముల ముక్కలుగా కనిపించును. భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్లను చదువునది ఈ విధముగానే. మన పెద్దలలో కొందరు పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. ఆ రాళ్ల కథ మాత్రము ఇట్టి పలుచని పలకలలో నేటికిని చదువబడుచున్నది.

ఇక మన యిండ్లకు వత్తును. వానకాలము వచ్చిన ఈ నగరమున డెంగీ భయము. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వము డెంగీని అంటువ్యాధిగా ప్రకటించిన సంగతి మీ రెరిగినదే. డెంగీని వ్యాపింపజేయు దోమ మురికి కాలువలకంటె మన పూలకుండీల క్రింది పళ్లెములలోని నీటినే ఎక్కువగా కోరును. గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువరకు వారము పది దినములు చాలును. కావున వారమునకొకసారి నీటిని కుమ్మరించుట ఆచారముగా పెట్టుకొనవలెను. 1883లో రాస్ ఇచ్చట చేసినది అదియే.

వచ్చే వానకాలమున ఎనిమిదవ తరగతి పిల్లలచేత ఈ పనిని శాస్త్రముగా చేయింపదలచితిమి. ఇంటిలోని పళ్లెమునుండి రెండు మూడు పిల్లపురుగులను మూతగల సీసాలో తెత్తురు. మలేరియా దోమ పిల్లపురుగు నీటి పైతలమునకు సమాంతరముగా పండుకొని యుండును. దానికి శ్వాసగొట్టము లేదు. డెంగీ దోమ పిల్లపురుగు శ్వాసగొట్టమును పైతలమునకు తగిలించి తలక్రిందుగా వ్రేలాడుచుండును. ఇంతవరకు కంటికే తెలియును. సూక్ష్మదర్శినిలో చూచిన, డెంగీ దోమ పిల్లపురుగు పొట్టపై ఎనిమిదవ కణుపున దువ్వెన పండ్లవలె ఒక వరుస కనిపించును. ఈ వ్యాధిని తెచ్చుటలో మొదటిదైన ఏడిస్ ఈజిప్టి జాతికి ఆ ఒక్కొక్క పంటి ప్రక్కలను గూడ చిన్న ముళ్లుండును. దానికి దాయాదియైన మరియొక జాతికి అట్టి ముళ్లు లేవు. ఈ భేదమును ఫోటోలో పట్టిన బాలుడు తన యింటి పళ్లెములో ఏ దోమ పెరుగుచున్నదో చెప్పగలడు. ఆ రోజు సాయంకాలము అతని నాయనమ్మయో, అమ్మమ్మయో తానే లేచి పళ్లెమును బోర్లించునని నా విశ్వాసము. ప్రకటనలు చేయలేని పనిని మనుమని ఫోటో చేయును.

ఇచ్చట భాషను గూర్చి ఒక మాట. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు ముందు చదువులలో వెనుకబడునేమో అను భయము మీకున్నది. నాకు తెలియును. ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య గరపుటకు సౌకర్యములు కల్పించవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము చెప్పుచున్నది. కాని అధికరణములు భయమును పోగొట్టలేవు. పిల్లవాని తెలివియే పోగొట్టవలెను. "పత్రరంధ్రము" అన్న మాటలో ఆకు ఉన్నది, రంధ్రమున్నది. రియో ఆకు క్రింది పొరను ఒలిచి, సూక్ష్మదర్శినిలో ఆ రంధ్రమును చూచి, ఫోటో తీసిన బాలికకు ఆ మాట కంఠస్థము చేయవలసిన పని లేదు. అయితే చూడకుండ వల్లించినచో "పత్రరంధ్రము"ను, "స్టొమేటా"యును రెండును సమానముగా చీకటియే. ఇది తెలుగుపై అభిమానము గల నేనే చెప్పుచున్నాను. కావున ప్రతి చిత్రము క్రిందను తెలుగు మాటయు, దాని ప్రక్కనే పై తరగతులలో ఎదురుపడు ఆంగ్లపు మాటయు వ్రాయింతుము. వివరణ మాత్రము బాలుని సొంత వాక్యములలో, ఇంటిలో పెద్దలకు చదివి వినిపించిన తెలియునట్లు, తెలుగులోనే ఉండవలెను.

మీ ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు. పెన్సిలును మానిపించము, ఫోనును నిషేధింపము. వచ్చే విద్యాసంవత్సరము నుండి రికార్డు పుస్తకమున ఎడమ పుట చేతి బొమ్మకు, కుడి పుట ఛాయాచిత్రమునకు. మొదట బొమ్మ, తరువాత ఫోటో. ఈ వరుస తప్పరాదు. ఎందుకనగా గీయుటకు పూనుకొన్నవాడు ప్రతి అంచును చూచి తీరవలెను. ముందుగానే ఫోటో తీసినవాడు చూచుట ముగిసినదని తలచి లేచిపోవును. బొమ్మ అయిన పిదప ఫోటో తీసి, రెండింటిని పోల్చి, ఎచ్చట భేదమున్నదో ఒక వాక్యము వ్రాయవలెను. చేయి ఊహించినదెంత, కెమెరా విడిచినదెంత అన్నది ఆ వాక్యములో తేలును. ఫోటో క్రింద నాలుగు విషయములు తప్పనిసరి: వస్తువేది, ఎచ్చటిది, ఏ తేదీన చూచినది, కొలత యెంత. రంగులు మార్చిన చిత్రములు, ఇతరులు తీసినవి, యంత్రము కల్పించినవి అంగీకరింపబడవు. గాజుపలకను ఉపాధ్యాయుడు చూచి సంతకము చేయును. పంక్తి వంకరయైనందులకు మార్కులు తగ్గవు. ఫోటో మసకగా నున్నను తగ్గవు. చూడనిదానిని చూచితినని వ్రాసినందులకు మాత్రము తగ్గును.

తల్లిదండ్రులుగా మీ వలన మాకు కావలసినది మూడే. వారమున కొక సాయంకాలము, ఒక్క గంట, మీ ఎదుటనే, మీ ఫోనును పిల్లవానికి ఇయ్యుడు. ఆ గంటలో మరి దేనికిని దానిని వాడనీయకుడు. అతడు తీసిన చిత్రమును చూపినపుడు "బాగున్నది" అని ఊరకొనక, "ఇది ఏమిటి? ఎంత పెద్దది? నీకెట్లు తెలియును?" అని అడుగుడు. అతడు చెప్పలేకపోయినచో కోపగింపక, మరల చూచి రమ్మనుడు. ఈ మూడు ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పగల బిడ్డ ఏ భాషలోనైనను, ఏ కళాశాలలోనైనను జవాబు చెప్పగలడని మా ఉపాధ్యాయవర్గము తరపున హామీ యిచ్చుచున్నాను.